సీటు పోయినా చేతిలో పని పోదు!

మోపిదేవి నుంచి రోజూ అవనిగడ్డకు డీఎస్సీ కోచింగ్‌కి వెళ్తున్నారా? బందరులోనో గుడివాడలోనో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నారా? ఎక్కడున్నా వెంటాడే భయం ఒకటే. 'ఇన్నాళ్లూ దీన్నే నమ్ముకున్నా. ఇది రాకపోతే నా గతేంటి?' ఇదే ప్రశ్న 43 ఏళ్ల వయసులో ఓ అమెరికా డ్రమ్మర్‌కి ఎదురైంది. అతనేం చేశాడో చూడండి.

కుర్చీ ఆగదు

పేరు మైక్ పోర్ట్‌నాయ్. 1985లో బోస్టన్‌లోని బెర్‌క్లీ సంగీత కళాశాలలో చదువుతూ ఇద్దరు తోటి విద్యార్థులతో కలిసి బ్యాండ్ పెట్టాడు. అదే తర్వాత 'డ్రీమ్ థియేటర్'గా పేరు తెచ్చుకుంది. పాతికేళ్లయ్యాక కొన్నాళ్లు విరామం తీసుకుందామంటే మిగతావాళ్లు ఒప్పుకోలేదు. 2010 సెప్టెంబరులో బయటికొచ్చేశాడు. అప్పటికి 'అవెంజ్డ్ సెవెన్‌ఫోల్డ్' బ్యాండ్‌లో, చనిపోయిన డ్రమ్మర్ స్థానంలో తాత్కాలికంగా వాయిస్తున్నాడు. ఆ ఏడాది చివరికి ఆ పనీ ముగిసింది. తిరిగి వస్తానంటే సొంత బ్యాండ్ తలుపు తెరవలేదు. అప్పటికే వాళ్లు ఏడుగురికి ఆడిషన్ పెట్టి, బెర్‌క్లీలో పాఠాలు చెప్పే మైక్ మాంజినీని ఎంచుకున్నారు.

ఎవరి కోసమూ కుర్చీ ఖాళీగా ఉండదు. చేతిలో ఉన్నది వదిలేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మళ్లీ మొదటి మెట్టు

పోర్ట్‌నాయ్ ఇంట్లో కూర్చోలేదు. బాస్ గిటారిస్టు బిల్లీ షీహన్‌తో కలిసి ముగ్గురి హార్డ్ రాక్ బ్యాండ్ కట్టాలనుకున్నాడు. మొదట అనుకున్న గిటారిస్టుతో కుదరలేదు. రాక్ కార్యక్రమాల వ్యాఖ్యాత ఎడ్డీ ట్రంక్ 'రిచీ కోట్జెన్‌ని అడిగి చూడండి' అని సూచించాడు. అలా పుట్టింది 'ది వైనరీ డాగ్స్'. తొలి ఆల్బమ్ 2013లో వచ్చింది. అప్పటికి పోర్ట్‌నాయ్ వయసు 46.

ఇక్కడ పని తీరు వేరు. డ్రీమ్ థియేటర్‌లో కొన్ని పాటలు ఇరవై నిమిషాలు దాటేవి, తాళం లెక్కలు చిక్కుగా ఉండేవి. కొత్త బ్యాండ్‌లో పాటలు చిన్నవి, గొంతుకే పెద్దపీట. నేర్చిందంతా ప్రతి పాటలో చూపించకుండా, పాటకు కావాల్సినంతే వాయించాలి. అనుభవం ఉన్నవాళ్లకు ఇదే కష్టం.

మీరేం చేయొచ్చు?

* పరీక్ష పేరు పక్కన పెట్టి, దానివల్ల వచ్చిన నైపుణ్యాలు కాగితం మీద రాయండి. డీఎస్సీకి చదివినవాళ్లకు సబ్జెక్టుతోపాటు బోధన పద్ధతులు, సైకాలజీ, కరెంట్ అఫైర్స్ వచ్చు. ప్రైవేటు స్కూలుకీ, ట్యూషన్లకీ, ఇతర పోటీ పరీక్షలకీ ఇవి పనికొస్తాయి.

* 'పని వెతుకుతున్నా' అని సీనియర్లకు, లెక్చరర్లకు నోరు తెరిచి చెప్పండి. మూడో మనిషి చెప్పిన పేరుతోనే వైనరీ డాగ్స్ నిలబడింది.

* కొత్త చోట రెజ్యూమె మొత్తం చదివి వినిపించొద్దు. వాళ్లకేం కావాలో ముందు వినండి.

* పాతవాళ్లతో తెగతెంపులు వద్దు. పదేళ్ల దూరం తర్వాత, 2020లో డ్రీమ్ థియేటర్ గిటారిస్టు జాన్ పెట్రూచీ సోలో ఆల్బమ్‌కి పోర్ట్‌నాయ్ డ్రమ్స్ వాయించాడు. 2023 అక్టోబరులో పాత బ్యాండ్ అతన్ని తిరిగి పిలిచింది.

అంటే, ఆ పిలుపు రావడానికి 13 ఏళ్లు పట్టింది. ఆ 13 ఏళ్లూ అతను వాయిస్తూనే ఉన్నాడు. ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే, పిలిచేనాటికి చేతులు మొద్దుబారిపోయేవి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మీ చేతుల్లో లేదు. ఈలోగా ఏదో ఒక పనిలో ఉండటం మాత్రం మీ చేతుల్లోనే ఉంది.