గోషామహల్ తలుపు ఎవరికి తెరుచుకుంటుంది?

ఘోషా అనే మాట మనకు కొత్త కాదు. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని ఘోషాసుపత్రి అంటారు. పరదా చాటు స్త్రీలకని కట్టింది గనుక. హైదరాబాద్ గోషామహల్ పేరులోనూ ఆ మాటే ఉంది. బేగంబజార్ టోకు దుకాణాల రద్దీకి దగ్గర్లోనే ఉన్న ఈ బారాదరి భవనాన్ని 17వ శతాబ్దంలో కట్టించింది అబుల్ హసన్ తానీషా. రామదాసు కథలో మనమెరిగిన తానీషాయే. అంతఃపుర స్త్రీల విడిదిగా కట్టించాడని చెబుతారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది, తానీషా దౌలతాబాద్ కోటలో బందీగానే కన్నుమూశాడు.

1872లో ఈ భవనం, సమావేశాలు గుట్టుగా జరుపుకునే ఫ్రీమేసన్ల సోదర సంఘం చేతికి వచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చాడంటారు. అప్పటికాయన పసివాడు, పాలనంతా సాలార్‌జంగ్‌దే. మన ఊళ్లలో లాడ్జి అంటే అద్దెగది. మేసన్లకు లాడ్జి అంటే తమ సభ, ఆ సభ్యుల కూటమి. తూర్పున అధ్యక్షుడి ఆసనం, నేల మీద నలుపు తెలుపు గళ్లు, సభ్యుల నడుముకు తాపీమేస్త్రీల పనిని తలపించే ఏప్రన్. ఈ గుట్టు చూసే చాలా ఊళ్లలో జనం మేసన్ల భవనాలకు జాదూఘర్ అని పేరు పెట్టారు.

నన్ను కదిలించేది మాత్రం ఆ గుట్టు కాదు, లాడ్జిలోని బల్ల. మన దేశపు లాడ్జీల్లో దాని మీద గీత, ఖురాన్, బైబిల్ వంటి గ్రంథాలు పక్కపక్కనే ఉంటాయి. ఎవరి గ్రంథం మీద వారు ప్రమాణం చేస్తారు. లోపల మతం గురించి, రాజకీయాల గురించి వాదించకూడదు. మన నగరాలు చూసినన్ని కల్లోలాలు చూశాక ఆ బల్ల విలువ తక్కువేమీ కాదనిపిస్తుంది.

ఆ బల్ల దగ్గర హిందువులకు చోటు తేలిగ్గా దొరకలేదు. అనేక దేవుళ్లను కొలిచేవారు ఒకే పరమాత్మను నమ్ముతామని ఎలా ప్రమాణం చేస్తారని నాటి ఇంగ్లీషు మేసన్లు అడ్డుపడ్డారు. కలకత్తాకు చెందిన ప్రసన్న కుమార్ దత్ 1863లో అడిగితే, 1872లో గానీ చేర్చుకోలేదు. గోషామహల్ మేసన్లకు దక్కిన ఏడాదే అది. ఆయన చేరిన యాంకర్ అండ్ హోప్ లాడ్జిలోనే 1884లో నరేంద్రనాథ్ దత్తా చేరాడు. ఆయనే తర్వాత వివేకానందుడు.

రోటరీ క్లబ్బులో చేరమని సాధారణంగా సభ్యులే మనల్ని పిలుస్తారు. మేసన్లలో సంప్రదాయం వేరు: చేరాలనుకున్నవారే అడగాలి. ఇద్దరు సభ్యులు పూచీ పడాలి. ఆపై రహస్య ఓటు: తెల్ల గోళీ సమ్మతి, నల్ల గోళీ నిరాకరణ. దేవుడంటే నమ్మకం ఉండాలి.

మగవాడై కూడా ఉండాలి. రోటరీ, లయన్స్ సంస్థలు 1980లలో స్త్రీలకు తలుపులు తీశాయి. 1961లో ఏర్పడిన భారత గ్రాండ్ లాడ్జి, అంటే లాడ్జీల పై సంస్థ, ఇంకా తియ్యలేదు. స్త్రీలనూ చేర్చుకునే మరో మేసన్ శాఖలో అనిబిసెంట్ 1902లోనే చేరారు. సంప్రదాయ గ్రాండ్ లాడ్జీలు ఆ శాఖను గుర్తించవు. మతాల మధ్య గోడ తీసేసిన ఆ బల్ల దగ్గర ఈ గోడ ఎందుకు మిగలాలో నాకు అర్థం కాదు. బారాదరి అంటే పన్నెండు ద్వారాల మండపం. రాణులు తిరిగారని చెప్పుకునే ఆ ద్వారాల్లో ఒక్కటీ నేటి ఆడపిల్లను సభ్యురాలిగా లోపలికి రానివ్వదు.