సైకిలు భాగములకు కావలి



మా గుమ్మఘట్టలో తెల్లవారుజామున బస్సు ఆగు చోటికి వచ్చి చూచినచో, చెట్టుక్రింద వరుసగా నిలిపిన సైకిళ్లు కానవచ్చును. రాయదుర్గములో బట్టలు కుట్టు పనికి పోవువారు, పాలక్యాను బస్సున కెక్కించి తామును వెంట పోవువారు, కూలికి పోవువారు, చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చి తమ బండ్లను అచ్చట విడిచి పోవుదురు. మరల దీపముల వేళకుగాని రారు. అంతవరకు ఆ బండ్లకు కావలి ఆ చెట్టే. భైరవానితిప్ప కట్టకు నీరు వచ్చిన యేడును, రాని యేడును, వేరుసెనగ పండిన యేడును, ఎండిన యేడును ఆ వరుస అట్లే యుండును. మోటారు బండ్లు ఎన్ని వచ్చినను, పెట్రోలు పోయలేని ఇంటికి సైకిలే కాళ్లు.

సైకిలునకు తాళమున్నది గదా, ఇంక భయమేల యని మీ రనవచ్చును. తాళము చక్రమును తిరుగనీయదు; అంతమాత్రమే. ముందు చక్రము రెండు నట్లపై నిలిచియున్నది. సీటు ఒక్క బోల్టుపై నిలిచియున్నది. డైనమో, బెల్లు, క్యారియరు, వీని సంగతి చెప్పనక్కరలేదు. గాలిపంపునకైతే బోల్టు కూడ లేదు. బండిని ఎత్తుకొని పోవుటకు ధైర్యము కావలెను, నలుగురు చూతురన్న భయముండును. సీటు విప్పుకొని పోవుటకు ఒక్క పానా, రెండు నిమిషముల సమయము చాలును. సంచిలో వేసికొన్న సీటును చూచి, ఇది యెవరిదని అడుగువా రుండరు.

నే నీ విషయమును ఎత్తుకొనుటకు కారణ మొకటి కలదు. 2017 ప్రాంతమున ప్రభుత్వమువారు 'బడికొస్తా' అను పథకము క్రింద తొమ్మిదవ తరగతి చదువు బాలికలకు సైకిళ్లు పంచిరి. మా వీథిలోని ఒక పిల్లకును వచ్చినది. మరుసటి యేడు వేసవికి ముందు ఒకనాటి మధ్యాహ్నము, ఆ సైకిలు సీటు గొట్టముతో సహా మాయమైనది. రెండు దినములు ఆ పిల్ల నిలుచుండియే త్రొక్కుచు పోయెను. మూడవ దినమున తల్లి మాన్పించెను. సీటు కొనుటకు చేతిలో డబ్బు లేదు. సీటు లేని బండిపై ఎదిగిన ఆడపిల్ల పోవుట బాగుండదని ఇరుగుపొరుగు వారనిరి. పరీక్షలు దగ్గరపడినవి. తొమ్మిది దినములు ఆ పిల్ల బడికి పోలేదు.

రచ్చకట్టపై కూర్చుంటిమి. పానా యెవరియొద్ద నుండునను ప్రశ్న వచ్చినది. పంక్చర్లు వేయు అంగడిలో పనిచేయు కుర్రవాని పేరు ఒకరు చెప్పిరి; మిగిలినవారు తలలూపిరి. వానిని పిలిపించి సంచి విప్పించితిమి. రెండు పానాలు, రబ్బరు ముక్కలు, సొల్యూషను డబ్బా. సీటు లేదు. లేదని తెలిసిన పిమ్మటను 'పోయి రా నాయనా' యని వానితో ఒక్కరును అనలేదు. ఆ కూర్చున్నవారిలో నే నొకడను. ఆ రాత్రి ఇంటికి వచ్చి వెదకగా, నా యింటనే మూడు పానాలు దొరికినవి. నెల తిరుగకమునుపే ఆ కుర్రవాడు బెంగుళూరునకు కూలికి వెడలిపోయెను. సీటు నేటివరకును దొరకలేదు.

సైకిలు నట్లన్నియు ఆరు పలకలవి. ఏ ఊరి పానాయైనను ఏ ఊరి నట్టునకైనను పట్టును. బాగుచేయుటకు ఇది యెంత సదుపాయమో దొంగిలించుటకును అంతే సదుపాయము. కావుననే ఒక సీటు పోయినచో ఊరిలో పానా యున్న ప్రతి యింటిమీదను అనుమానము వ్రాలును. వ్రాలి, మాట్లాడలేనివాని యింటిమీద నిలుచును. ప్రత్యేకమైన తల గల బోల్టు చేయు పని యేమనగా, ఆ పానాను పనికిరానిదిగా చేయుట. దాని కొక చెవి యుండును. ఆ చెవి లేనివాడు విప్పలేడు, లేదా విప్పుటకు చాలసేపు పట్టును, చప్పుడగును.

ఇది క్రొత్త యూహ కాదు. ఇటలీ దేశపు పందెగాడు టుల్లియో కాంపాన్యోలో, పానా లేకయే చేతి మీటతో చక్రమును ఊడదీయు సాధనమును రూపొందించెనని చెప్పుదురు. పందెములో పంక్చరైనవానికి అది వరము. అదే సాధనము నగరములలో వీథిసైకిళ్లకు వచ్చునప్పటికి, చక్రములు పట్టపగలే మాయము కాజొచ్చెను. అప్పుడు మరల దానికి విరుగుడు వెదకవలసి వచ్చెను. జర్మనీలో 'పిట్‌లాక్' అను పేర, వేర్వేరు ఆకృతులు గల నట్లను, వానికి సరిపడు చెవులను అమ్ముదురు. 'హెక్స్‌లాక్స్' అను మరియొకటి, బోల్టు తలలోని గుంటలో అయస్కాంతముతో నిలుచు చిన్న అడ్డు. ఇవి మంచివే. కాని మన పాత తరహా సైకిళ్ల ఇరుసులకు పాత ఆంగ్ల కొలత ప్రకారము అంగుళమునకు 26 మరచుట్లుండును. కావున కొలత చూపక తెప్పించిన దేదియు పట్టదు. ఇనుప సామానుల అంగడిలో దొరకు మామూలు నట్టును బలవంతముగా త్రిప్పినచో ఇరుసు మరయే చెడును. ఈ తప్పు నేను చేసితిని. ఒక ఇరుసు ఖర్చైనది.

మన ఊళ్లలో చేసికొనదగిన దానిని చెప్పెదను. ఇది చేతబట్టి చూపవలసిన విషయము. రేడియోలో మాటలతోనే గడుపుకొనవలసి వచ్చినది గనుక నెమ్మదిగా వినుడు.

మొదట సీటు. ఇప్పుడు అంగళ్లలో తలపై ఆరు పలకల గుంట గల బోల్టులు దొరకుచున్నవి. వానిని త్రిప్పు వంకర కడ్డీని అలెన్ కీ యందురు. వానిలో తల గుండ్రముగా, బోర్లించిన చిప్పవలె నుండు రకమును అడుగుడు. నిలువు తల గలదానిని పట్టకారుతో పట్టి త్రిప్పవచ్చును. చిప్పతలపై పట్టకారు జారును. 8 మిల్లీమీటర్ల లావు గల అట్టి బోల్టునకు గుంట 5 మిల్లీమీటర్లుండును. కాని అలెన్ కీలు కూడ గుత్తులు గుత్తులుగా అమ్ముచున్నారు గదా! అందుచేత ఆ గుంటను మూయవలెను. ముందు చక్రపు కుండలో నుండు ఉక్కు గుండు అంగుళములో 16వ వంతులు మూడు. అనగా 5 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. పాత గుండొకటి తీసికొని గుంటలో వేసి, పైన లక్క కరగించి పోసినచో, అది కదలదు. ఎప్పుడైన విప్పవలసి వచ్చినప్పుడు వేడి సూదితో లక్కను కరగించి గుండును పైకి తీయవచ్చును. తీరికగా ఇంట చేయు పని యిది. చెట్టుక్రింద దొంగతనముగా చేయు పని కాదు.

ఇక ముందు చక్రము. మామూలు నట్టు బిగించిన పిమ్మట ఇరుసు కొన యింకను మిగిలియున్నచో, దానిపై రెండవ నట్టు నొకటి ఎక్కింపవలెను. ఆ రెండవదాని పలకలను ముందుగా ఆకురాయితో రాపించి గుండ్రము చేయవలెను. దాని ముఖమున ఎదురెదురుగా రెండు గంట్లు పెట్టించవలెను. ఆ గంట్లలో దిగునట్లు రెండు పండ్లు గల చెవిని లేతుపనివాడు గాని, నేర్పుగల కమ్మరి గాని చేసి యిచ్చును. పైది రానిదే క్రిందిది రాదు. ఉలి పెట్టి సుత్తితో కొట్టినచో వచ్చుననుట నిజమే. కాని ఆ మ్రోతకు బస్సుకొరకు నిలిచినవారందరును తిరిగి చూతురు. మడ్గార్డు కడ్డీల మూలమున కొన్ని బండ్లలో ఇరుసు కొన మిగులదు. అట్టి బండ్లకు ఈ ఉపాయము పనికిరాదు; పొడవు ఇరుసు మార్పించుకొనుటయో, చక్రమును చట్టమును కలిపి గొలుసు వేయుటయో మేలు.

వెనుక చక్రమునకు తాళమున్నది, చైను తగులుకొని యున్నది. దానిజోలికి పోవుట అరుదు. పెడళ్ల నైతే వదలివేయుడు. అవి త్రొక్కుచుండగా సడలకుండుటకై ఎడమదాని మరను ఎడమచుట్టుగా చేసి యుందురు. ఎరుగనివాడు విప్పబోయి ఇంకను బిగించి పోవును. ప్రతి బోల్టునకును తాళము వేయించినవాడు, దారిలో పంక్చరైన దినమున చెవి ఇంట మరచి, రాయదుర్గము బాటలో ఎండలో బండిని నడిపించుకొని రావలసి వచ్చును. సీటునకొకటి, ముందు చక్రమునకొకటి. అంతకు మించి అక్కరలేదని నా తలంపు. బిగించునప్పుడు మరకు గ్రీజు పూయుట మరువరాదు. మన దుమ్ములో తుప్పు పట్టినచో మన చెవికే లొంగదు.

బండి నంబరు కొన్నిటికి సీటు గొట్టముపైనను, కొన్నిటికి పెడళ్ల ఇరుసు దిగు పెట్టె అడుగునను కొట్టబడియుండును. దానిని ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసికొనుడు. సీటునకును చక్రమునకును అట్టి నంబరుండదు గనుక, సీటు అడుగు రేకుపై ఉలితో మీ గుర్తొకటి పెట్టుకొనుట మంచిది. ఇంత చేసినను పోయినచో పోలీసులకు చెప్పుడు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షను దొంగతనమునకు సంబంధించినది. పోయినదాని విలువ 5,000 రూపాయలలోపు ఉండి, నేరస్థుడు మొదటిసారి శిక్ష పడువాడై, వస్తువును గాని దాని విలువను గాని తిరిగి యిచ్చినచో, చెరసాల గాక సమాజసేవ శిక్షగా విధింపబడును. చట్టము అంత సడలింపు చూపినది. ఎవని తప్పో నిర్ణయించుట న్యాయస్థానము పని. సంచి విప్పించుటకు మా కెవ రధికార మిచ్చిరో నాకు నేటికిని తెలియదు.

ఆ కుర్రవాడు మొన్నటి ఉగాదికి ఊరికి వచ్చెను. ఇప్పుడు వాడు కుర్రవాడు కాడు, మీసములు వచ్చినవి. నా సైకిలు సీటునకు నేను వేసిన బోల్టును, గుండును, లక్కను వానికి చూపితిని. గొప్పగానే చూపితిని. వాడు వంగి చూచి, రెండవవైపునకు వ్రేలు పెట్టి, "ఈ పక్క నట్టు మామూలుదే కదా పెద్దయ్యా, పానా పెడితే వచ్చేస్తాది" అనెను. నిజమే! తలను దాచితిని గాని నట్టును దాచలేదు. ఇన్నాళ్లు నేను చూడలేదు. వాడే నన్ను వెంటబెట్టుకొని కమ్మరి కొట్టమునకు పోయి, ఆ నట్టును చిన్న రేకుముక్కకు అతికింపజేసి, రేకు గొట్టమున కానునట్లు వంచి బిగించెను. ఇప్పుడా నట్టు పానాకు తిరుగదు. బోల్టు తలవైపునుండియే విప్పవలెను. మీరును అట్లే చేయించుకొనుడు.

ముందు చక్రపు నట్టునకు చెవులు రెండు చేయించితిని. ఒకటి నీయొద్ద నుంచుకొమ్మని వానికి ఇవ్వబోతిని.

"నాకాడ వద్దు పెద్దయ్యా" అనెను.

రెండును నా పెట్టెలోనే యున్నవి.