వాద్యబృంద నిర్వాహకుడు మెహ్లీ మెహతా

రేడియోలో పాశ్చాత్య సింఫనీ సంగీతం వినే శ్రోతకు ఒక సందేహం కలగడం సహజం. కార్యక్రమానికి ముందు ప్రకటించే పేర్లలో నిర్వాహకుని పేరు, అనగా కండక్టరు పేరు, తప్పక వినవస్తుంది. కాని సంగీతం సాగినంతసేపు ఆయన పలికించే స్వరం ఒక్కటైనా మన చెవిని సోకదు. ఆయన చేతిలో ఉండేది ఒక సన్నని కర్ర మాత్రమే. మరి ఆయన చేసే పని ఏమిటి? మన దేశంలో పుట్టి, వయొలిన్ వాదకుడుగా ఆరంభించి, నిర్వాహకుడుగా పేరొందిన మెహ్లీ మెహతా జీవితాన్ని పరికిస్తే ఈ సంగతి తేటపడుతుంది.

మన కచేరీలో వయొలిన్ గాయకుని వెన్నంటి నడుస్తుంది. ఇరువురూ ఒకరినొకరు వింటూ, మనోధర్మాన్ని అనుసరించి సాగుతారు. వారిని నడపడానికి మరొక వ్యక్తి అక్కరలేదు. సింఫనీ పద్ధతి వేరు. అక్కడ 70, 80 మంది వాదకులు ముందుగా వ్రాసి ఉంచిన స్వరపత్రాలను చూచి వాయిస్తారు. అందులో సగానికి పైగా వయొలిన్, వయోలా, చెలో మొదలైన తంత్రీవాద్యాలవారే. పది పదిహేను మంది ఒకే వరుసను వాయించేటప్పుడు వారి కమానులన్నీ ఒకే దిక్కుగా కదలాలి. కమాను దిశ మారితే నాదంలోని ఒత్తు మారుతుంది. ఇట్టి సూక్ష్మాలను ప్రథమ వయొలిన్ వాదకుడు చూచుకొంటాడు. కృతి మొత్తానికి నడక ఎట్టిది, ఏ వాద్యం ముందుకు రావాలి, ఏది అణగి ఉండాలి అన్నవి నిర్వాహకుడు నిర్ణయిస్తాడు. ఆయన శ్రమలో అధికభాగం కచేరీకి ముందు జరిగే సాధనలలోనే గడుస్తుంది.

మెహ్లీ మెహతా 1908 సెప్టెంబరు 25న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. బొంబాయి విశ్వవిద్యాలయంలో చదువుకొన్నారు. లండనులోని ట్రినిటీ సంగీత కళాశాల పట్టాను 1929లో పొందారు. సుప్రసిద్ధ వాదకుడు హైఫెట్జ్ ఆయనకు ఆదర్శం. అయితే ఆయన కోరుకొన్న సంగీతానికి తగిన వాద్యబృందం ఆనాడు ఆ నగరంలో లేదు. లేనిదానిని తామే నిర్మించుకోవలసి వచ్చింది. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. సంగీతమే జీవనోపాధిగా గల గోవా వాదకులు, అభిరుచి కొద్దీ నేర్చుకొన్న పార్సీలు, నౌకాదళం బ్యాండువారు ఒకచోట చేరి వాయించారు. వేర్వేరు తీరుల శిక్షణ పొందిన వారిని ఒక్క నాదంగా మలచడం సామాన్యమైన పని కాదు. 1940లో నలుగురు వాదకుల బొంబాయి స్ట్రింగ్ క్వార్టెట్‌ను కూడా ఆయన నెలకొల్పారు.

తమ వాద్యంలో తరుగు ఉన్నదని తోచినప్పుడు ఆయన వయస్సును లెక్కచేయలేదు. 1945లో భార్యను, చిన్నవారైన ఇద్దరు కుమారులను స్వదేశంలో విడిచి, న్యూయార్కు వెళ్ళి, ఐవన్ గలామియన్ అనే ప్రఖ్యాత గురువు వద్ద శిష్యరికం చేశారు. తిరిగి వచ్చి 1955 వరకు బొంబాయి బృందాన్ని నడిపారు.

ఆ తరువాతి ఘట్టం విశేషమైనది. బృందాన్ని నడిపిన మనిషి ఇంగ్లండులో మాంచెస్టరు నగరపు హాలే ఆర్కెస్ట్రాలో, జాన్ బార్బిరోలీ నిర్వహణ క్రింద, మరల వయొలిన్ పట్టుకొని వరుసలో కూర్చున్నారు. 1959లో అమెరికా చేరి, ఫిలడెల్ఫియాలోని కర్టిస్ స్ట్రింగ్ క్వార్టెట్‌లో ద్వితీయ వయొలిన్ స్థానాన్ని స్వీకరించారు. ప్రథమ వాదకుని రాగభావాన్ని గ్రహించి క్రింది స్వరాలను నింపడం ద్వితీయ వాదకుని ధర్మం. తన నాదంకంటె పక్కవాని నాదాన్ని ఎక్కువగా వినే అలవాటు అక్కడ స్థిరపడుతుంది. నిర్వాహకునికి కావలసిన ప్రధాన గుణం అదే.

1964లో, 55 ఏండ్లు దాటిన తరువాత, లాస్ ఏంజిలిస్‌లో అమెరికన్ యూత్ సింఫనీని స్థాపించి, యువవాదకులకు శిక్షణ ఇచ్చారు. అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వాద్యబృంద విభాగాన్ని 1976 వరకు నడిపారు. యూత్ సింఫనీకి మాత్రం 1998 వరకు, అనగా 90 ఏండ్లు సమీపించే వరకు, ఆయనే నిర్వాహకులు. ఆయన వద్ద తరిఫీదు పొందిన పలువురు తరువాత పెద్ద బృందాలలో వాదకులైనారు. ఆయన పెద్ద కుమారుడు జుబిన్ మెహతా వైద్యవిద్యను విడిచి 1954లో వియన్నా వెళ్ళి, అనంతరం ప్రపంచ ప్రఖ్యాత నిర్వాహకులైనారు. మెహ్లీ మెహతా 2002 అక్టోబరు 19న, 94 ఏండ్ల వయస్సులో, లాస్ ఏంజిలిస్‌లో పరమపదించారు.

ఇకమీదట సింఫనీ సంగీతం వినే అవకాశం లభించినప్పుడు శ్రోతలు మొదట తంత్రీవాద్యాల సమూహంపై చెవి నిలపండి. నడుమ ఒక్క వేణువు తల ఎత్తి పలికేటప్పుడు ఆ వయొలిన్లన్నీ ఎట్లు తగ్గి దానికి చోటిస్తున్నవో గమనించండి. ఆ చోటు ఇప్పించినవాడే మనకు వినబడని నిర్వాహకుడు.