పైనుంచి చూసేది ఉపగ్రహం.. గుర్తుపట్టేది మీరు!

చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల పెరిగినవాళ్లకు మాంగనీసు గోతులు కొత్త కాదు. ఈ ప్రాంతంలో మాంగనీసు తవ్వకాలు 1890ల నుంచీ ఉన్నాయి. పాత గోతుల్లో వాననీరు నిలుస్తుంది. ఊరి చెరువులోనూ నీళ్లుంటాయి. 786 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే సెంటినెల్‌-2 ఉపగ్రహం తీసిన చిత్రంలో రెండూ ముదురు మచ్చల్లాగే కనిపిస్తాయి. మరి ఏది చెరువు? ఏది గొయ్యి? ఈ ప్రశ్నకు ఆధారాలతో జవాబు చెప్పగలిగితే రిమోట్‌ సెన్సింగ్‌ రంగంలో మీకు చోటుంది. డిగ్రీ, బీటెక్‌ చదువుతూనే దీన్ని సొంతంగా మొదలుపెట్టొచ్చు. డేటా ఉచితం, సాఫ్ట్‌వేరూ ఉచితమే.

కంటికి కనిపించని రంగు

ఉపగ్రహంలోని సెన్సర్లు నేల మీద పడి వెనక్కి వచ్చే సూర్యకాంతిని కొలుస్తాయి. మన కంటికి కనిపించే రంగులతో పాటు సమీప పరారుణ కాంతినీ పట్టుకుంటాయి. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. నీరు ఆ పరారుణ కాంతిని దాదాపుగా మింగేస్తుంది. అందుకే ఫాల్స్‌ కలర్‌ చిత్రాల్లో పైరు ఎర్రగా, నీరు నల్లగా వస్తాయి.

పరారుణ విలువలోంచి ఎరుపు విలువను తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. ఇది -1 నుంచి 1 మధ్య ఉంటుంది. పైరు ఎంత దట్టంగా, పచ్చగా ఉంటే విలువ అంత పెరుగుతుంది. ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రాథమిక ప్రశ్న ఇదే.

సెంట్లలో లెక్కేసుకోండి

చిత్రంలో ఒక్కో గడి, అంటే పిక్సెల్‌, నేల మీద ఎంత జాగాకు సమానం? సెంటినెల్‌-2లో ముఖ్యమైన బ్యాండ్లకు పిక్సెల్‌ 10 మీటర్లు. అంటే 100 చదరపు మీటర్లు, సుమారు రెండున్నర సెంట్లు. అమెరికా ల్యాండ్‌శాట్‌లో 30 మీటర్లు, దాదాపు 22 సెంట్లు. మన రిసోర్స్‌శాట్‌లోని లిస్‌-4 కెమెరాకు 5.8 మీటర్లు, సెంటు కన్నా తక్కువే.

పది సెంట్ల మడిని ల్యాండ్‌శాట్‌తో చూస్తే పక్క మడి, గట్టు, గట్టు మీది చెట్లు అన్నీ ఒకే గడిలో కలిసిపోతాయి. ఏ పనికి ఏ ఉపగ్రహం సరిపోతుందో ఇలాంటి లెక్కతోనే తేల్చుకోవాలి.

మబ్బుంటే రాడార్‌

ఖరీఫ్‌లో అసలు చిక్కు మబ్బులే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. అలాంటి రోజుల్లో మామూలు కెమెరా చిత్రంలో మేఘాలే కనిపిస్తాయి. రాడార్‌ ఉపగ్రహం తానే సంకేతం పంపి, తిరిగొచ్చిన దాన్ని కొలుస్తుంది. రాత్రయినా, మబ్బున్నా దాని పని ఆగదు. నిశ్చలంగా ఉన్న వరద నీరు ఆ సంకేతాన్ని అద్దంలా పక్కకు తోసేస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. ఐరోపా సెంటినెల్‌-1, 2022లో ఇస్రో పంపిన ఈఓఎస్‌-04, 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో-నాసా ఉమ్మడి ఉపగ్రహం నైసార్‌ ఈ కోవలోవే. రాడార్‌ డేటాతో పనిచేయడం కాస్త కష్టమే. నేర్చుకుంటే మాత్రం పోటీలో ముందుంటారు.

అనుమానం ఉపగ్రహానిది.. నిర్ధారణ మనిషిది

కేంద్ర గనుల శాఖ 2016లో మైనింగ్‌ సర్వైలెన్స్‌ సిస్టమ్‌ను మొదలుపెట్టింది. లీజు హద్దు బయట 500 మీటర్ల వరకు నేలలో అసాధారణ మార్పులు కనిపిస్తే అది హెచ్చరిస్తుంది. ఆ తర్వాత అధికారులు వెళ్లి చూడాల్సిందే. ఎందుకంటే కొత్తగా తవ్విన గొయ్యి, ఇంటి కోసం చదును చేసిన స్థలం చిత్రంలో ఒకేలా ఉండొచ్చు. ఇక ఫసల్‌ బీమా పథకంలో 2023 ఖరీఫ్‌ నుంచి వరి దిగుబడి అంచనాకు ఉపగ్రహ సమాచారాన్ని కూడా వాడుతున్నారు. ఇక్కడ పొరపాటు జరిగితే దెబ్బతినేది రైతు పరిహారం. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువును పైరుగా లెక్కేసే మ్యాప్‌ ఎవరికి పనికొస్తుంది?

ఊళ్లో పెరిగినవాళ్లకు ఇక్కడే కలిసొస్తుంది. జీడితోటకూ జామాయిల్‌కూ తేడా మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఎరుకకు సాంకేతిక నైపుణ్యం తోడు చేసుకోవాలి.

ప్రాజెక్టు ఇలా చేయండి

* మీ మండలాన్నే తీసుకోండి. కోపర్నికస్‌ బ్రౌజర్‌ నుంచి సెంటినెల్‌-2 చిత్రాలు, ఎన్‌ఆర్‌ఎస్‌సీ వారి భూనిధి పోర్టల్‌ నుంచి భారత ఉపగ్రహాల డేటా తీసుకోవచ్చు.
* జనవరిది ఒకటి, మే నెలది ఒకటి ఎంచుకుని క్యూజీఐఎస్‌లో పోల్చండి. వేసవికి ఎండిపోయేవి, నీరు నిలిచేవి విడిపోతాయి. లోతైన గోతులు ఏవో అంచనా దొరుకుతుంది.
* యాభై చోట్లు గుర్తించి, ఫోన్‌ జీపీఎస్‌తో వెళ్లి చూడండి. పాత గోతుల అంచులకు మాత్రం పోవద్దు, దూరం నుంచే ఫొటో తీయండి.
* మ్యాప్‌ చెప్పిందెంత, నేల మీద ఉన్నదెంత? తప్పులతో సహా పట్టికలో రాయండి. దీన్నే కన్‌ఫ్యూజన్‌ మ్యాట్రిక్స్‌ అంటారు.

చదువులు.. కొలువులు

డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్‌ ఉచిత ఆన్‌లైన్‌ కోర్సులు నడుపుతోంది. అక్కడి ఎంటెక్‌కు పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. విశాఖలో ఏయూ జియో ఇంజినీరింగ్‌ విభాగం, హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ స్పేషియల్‌ ఇన్ఫర్మేషన్‌ టెక్నాలజీ కేంద్రం ఉన్నాయి. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్‌ ఇంజినీరింగ్‌ పేపర్‌ ఉంది.

ఉద్యోగాల విషయానికొస్తే హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ, రాష్ట్ర అంతరిక్ష అనువర్తనాల కేంద్రం, మ్యాపింగ్‌, వ్యవసాయ, బీమా, గనుల కంపెనీల ప్రకటనలు గమనిస్తుండండి. ఒక్క మాట మాత్రం ముందే తెలుసుకోండి. ప్రభుత్వ సంస్థల్లో చాలా పోస్టులు ప్రాజెక్టు ఉన్నంత కాలమే. ప్రైవేటులో తొలి కొలువు మ్యాపుల మీద గీతలు గీసే డిజిటైజింగ్‌తోనే మొదలవ్వొచ్చు. దాంట్లోనే ఉండిపోకూడదంటే పైథాన్‌, గూగుల్‌ ఎర్త్‌ ఇంజిన్‌ నేర్చుకోవాలి.

ఇంటర్వ్యూలో ‘మీ మ్యాప్‌ సరైనదని ఎలా నమ్మాలి?’ అని అడిగితే, యాభై చోట్ల మీ పట్టిక తీసి ముందు పెట్టండి. ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో చెప్పండి. పది సర్టిఫికెట్లున్నా ఈ జవాబుకు సాటి రావు.