గల్ఫ్ నుంచి వచ్చే ఫొటోలు డిజిటల్ ఫ్రేమ్‌లో మసగ్గా కనిపిస్తున్నాయా? ఇలా చేయండి..

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు చాలా ఇళ్లలో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. ఫోన్ వాడటం రాని పెద్దోళ్లు వాళ్లను రోజూ చూసుకోవడానికి డిజిటల్ ఫొటో ఫ్రేమ్ బాగా పనికొస్తుంది.

అయితే రూమ్‌లో అందరూ కలిసి దిగిన ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. అందులోంచి కొడుకు ఒక్కడినే క్రాప్ చేస్తే.. ఫ్రేమ్‌లో మొహం మసకే! అందుకే ‘డాక్యుమెంట్‌’గా పంపమనండి. ఐఫోన్ ఫొటోలైతే జేపెగ్‌లోకి మార్చాలి. హెచ్‌ఈఐసీ ఫైళ్లు చాలా ఫ్రేముల్లో ఓపెన్ కావు.

001, 002 అని పేర్లు పెడితే చాలా ఫ్రేముల్లో అదే వరుసలో వస్తాయి. పెన్‌డ్రైవ్ పాడైతే అన్నీ పోతాయి, ఫోన్‌లో ఇంకో కాపీ ఉంచుకోండి. ఒక్కో ఫొటోకు 5 సెకన్లు కాదు, 15 పెట్టండి. అమ్మ కళ్లజోడు పెట్టుకునేలోపే ఫొటో మారిపోవద్దు కదా!