సందేహానికి కుర్చీ వేసిన సంఘం

మేరీలాండ్‌లోని జర్మన్‌టౌన్, క్లార్క్స్‌బర్గ్ ప్రాంతాల్లో తెలుగువాళ్లు ఎంతమంది స్థిరపడ్డారో మన తెలుగు అసోసియేషన్ సంక్రాంతి సంబరాలకు వచ్చేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మనం రోజూ తిరిగే రూట్ 355కి కూతవేటు దూరంలో, నీల్స్‌విల్ చర్చి రోడ్డు మీద, దాదాపు 200 ఎకరాల అడవీ పచ్చికా ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చుట్టూ టౌన్‌హౌసులు బారులు తీరినా ఆ నేల మాత్రం చెట్లతోనే ఉండిపోయింది. దాని పేరు డేస్ప్రింగ్. రెండు రోజులు నోరు విప్పకుండా, ప్రార్థనలోనో ఆలోచనలోనో గడపాలనుకునేవాళ్లు అక్కడికి వస్తారు. 1953లో ఆ భూమిని కొన్నది వాషింగ్టన్‌లోని చర్చ్ ఆఫ్ ద సేవియర్ అనే క్రైస్తవ సంఘం. సభ్యులు ఇంచుమించు 150 మందికి మించని చిన్న సంఘం. పేదవాళ్లకు ఇళ్లు, నీడలేని రోగులకు వైద్యశాల, పనిలేనివాళ్లకు ఉద్యోగాలు వెతికిపెట్టే సంస్థ, ఒక పుస్తకాల కాఫీ హోటల్, ఇన్నిటిని ఈ నగరంలో ఆ కొద్దిమందే నిలబెట్టారు. ఇంత దగ్గర్లో ఉంటూ దాని గురించి మన సంచికలో ఒక్క పేజీ కూడా రాయకపోవడం నాకు లోటుగా అనిపించింది.

సేవల సంగతి తర్వాత చెబుతాను. ముందు, నమ్మకం కుదరని మనిషిని ఆ సంఘం ఎలా కూర్చోబెట్టుకుందో చెప్పాలి.

సంఘ స్థాపకుడు గార్డన్ కాస్బీ 1917లో పుట్టారు. వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో పెరిగిన బాప్టిస్టు పాస్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు ఛాప్లెయిన్‌గా వెళ్లి, నార్మండీలో దిగారు. అక్కడ ఆయనను కుదిపేసిన విషయం ఒకటుంది. చిన్నప్పటినుంచీ క్రమం తప్పకుండా చర్చికి వెళ్లిన కుర్రాళ్లకూ, ఆ గడపే తొక్కని కుర్రాళ్లకూ, చావు ఎదురుగా వచ్చి నిలబడేసరికి పెద్ద తేడా కనిపించలేదు. నేర్చుకున్న వచనాలు నోటికి వచ్చు. లోపలికి మాత్రం దిగలేదు. మెథడిస్టు, బాప్టిస్టు, ప్రెస్బిటేరియన్ అనే బోర్డులు ఆ కందకాల్లో ఎవరికీ అక్కరకు రాలేదు. తిరిగి వచ్చాక, భార్య మేరీతోనూ కొద్దిమంది స్నేహితులతోనూ కలిసి 1947లో ఏ శాఖకూ చెందని సంఘం మొదలుపెట్టారు. బడులు, హోటళ్లు, సినిమా హాళ్లు రంగును బట్టి విడిపోయి ఉన్న వాషింగ్టన్‌లో, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే వరసలో కూర్చునే సంఘంగానే అది పుట్టింది.

అందులో చేరడం మాత్రం తేలిక కాదు. సభ్యుడు కావాలంటే దాదాపు రెండేళ్లు వాళ్ల స్కూల్ ఆఫ్ క్రిస్టియన్ లివింగ్‌లో పాత నిబంధన, కొత్త నిబంధన, సిద్ధాంతం, నడవడిక గురించి తరగతులకు కూర్చోవాలి. రోజూ ప్రార్థనకూ వాక్య ధ్యానానికీ సమయం కేటాయించాలి. సంపాదనలో దశమ భాగంతో మొదలుపెట్టి ఇవ్వాలి. ఏదో ఒక సేవా బృందంలో చేరి, వారం వారం అందులో ఉన్నవాళ్లకు తన జీవితం గురించి జవాబు చెప్పుకోవాలి. ఇన్ని చేసి చేరినా ఆ సభ్యత్వం ఏడాదికే. ప్రతి అక్టోబరులోనూ ఎవరికి వాళ్లు ఆలోచించుకుని మళ్లీ సంతకం పెట్టాలి. మనస్సాక్షి ఒప్పకపోతే పెట్టనక్కర్లేదు.

ఇంత కట్టుదిట్టమైన చోట సందేహించేవాడికి చోటెక్కడిది అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ సంఘంలోనే ఉండి దాని కథ రాసిన ఎలిజబెత్ ఓకానర్ పుస్తకాలు, ముఖ్యంగా 1963లో వచ్చిన కాల్ టు కమిట్‌మెంట్, చదివితే లోగుట్టు తెలుస్తుంది. సభ్యత్వం అంత బరువైనది కాబట్టే ఎవరినీ తొందరపెట్టాల్సిన పని వాళ్లకు లేకుండా పోయింది. ఆరాధనకు ఎవరైనా రావచ్చు. తరగతులకు ఎవరైనా రావచ్చు. నమ్మినవాడూ నమ్మనివాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే పాఠం మీద వాదించుకోవచ్చు. చేరకుండానే ఏళ్ల తరబడి వచ్చిపోవచ్చు. చేరినవాళ్లు సైతం ఏడాదికోసారి తమ నమ్మకాన్ని తామే నిలదీసుకోవాలి కాబట్టి, కొత్తగా వచ్చినవాడి ప్రశ్న వాళ్లకు వింతగా తోచదు. అవును అనడం ఎంత బరువైనదో తెలిసినవాళ్లు, ఇంకా అవును అనలేని మనిషిని చిన్నచూపు చూడరు. ఈ సంఘం నుంచి నేను తీసుకున్నదంతా ఇక్కడే ఉంది.

మన తెలుగు కూటాల్లో జరిగేది తెలిసినవాళ్లకు ఈ మాట ఇంకా బాగా తగులుతుంది. ఒకసారి ఒక ఇంట్లో శుక్రవారం ప్రార్థన. గుంటూరు నుంచి ఎంఎస్‌కు వచ్చిన కుర్రాడు, సండే స్కూల్లో పెరిగినవాడు, సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడ్డాడు. "అమ్మ పోయిన దగ్గర్నుంచి ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడుతున్నట్టుంది అంకుల్. నిజంగా వింటున్నాడో లేదో తెలియట్లేదు" అన్నాడు. గదిలో ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక పెద్దాయన, "అలా అనకూడదు బాబూ, అది శత్రువు పెట్టే ఆలోచన" అంటూ దగ్గరికి తీసుకున్నారు. అందరూ చుట్టూ చేరి, తలమీద చేతులుంచి, గట్టిగా ప్రార్థన చేశారు. ఆ తర్వాత భోజనాలు. కుర్రాడు ప్లేటు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. అతను చెప్పిన మాట గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. క్రమంగా రావడం తగ్గించాడు. "చల్లబడిపోయాడు పాపం" అనుకున్నారు.

ఆ గదిలో ఉన్నవాళ్లు మంచివాళ్లు. అతనికి జ్వరం వస్తే చారూ అన్నం కట్టుకుని వెళ్లినవాళ్లు. ప్రేమకు కొదవ లేదు. ఆ ఒక్క వాక్యాన్ని వారం రోజులు అలాగే ఉండనిచ్చే చోటే లేదు. యోహాను సువార్తలో తోమా కథ చదివినప్పుడల్లా నా మనసు ఒక చిన్న వివరం మీద ఆగుతుంది. తక్కిన పదిమందీ ప్రభువును చూశామని చెప్పినా తోమా నమ్మనన్నాడు. అయినా ఎనిమిది రోజుల తర్వాత అతను వాళ్లతోనే, అదే ఇంట్లో ఉన్నాడు. వాళ్లు అతన్ని బయటికి పంపలేదు, అతనూ లేచి వెళ్లిపోలేదు. ఆ ఎనిమిది రోజులూ వాళ్ల మధ్య ఏ మాటలు నడిచాయో సువార్త చెప్పదు. కలిసే ఉన్నారన్నది మాత్రం చెబుతుంది.

ఇదంతా అమెరికావాళ్ల పద్ధతి, మనకు కొత్త అని ఎవరైనా అంటే, నాకు ఒంగోలు గుర్తొస్తుంది. 1876-78 కరువు కాలంలో అక్కడున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమంది ఆ పని మీద బతికారు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా, కరువు పని సాగినంతకాలం, ఏడాదికి పైగా, ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కూటికోసం అనే అవును ఆయనకు అక్కర్లేదు. సాయం అందడం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. దానికి ముందు నడిచిన ఆ నిరీక్షణను కూడా అంతే గర్వంగా చెప్పుకోవాలని నాకుంటుంది. ఎక్కువగా మాదిగ పల్లెల నుంచి వచ్చిన ఆ జనానికి, ఆలోచించుకుని నిర్ణయించుకునే గౌరవాన్ని ఒక సంఘం ఇచ్చిన సందర్భం అది.

మళ్లీ వాషింగ్టన్‌కు వద్దాం. కాస్బీ దంపతులు ఒకసారి న్యూ ఇంగ్లండ్‌లో ఒక చర్చిలో ప్రసంగానికి వెళ్లారు. ఆరాధన నిస్సారంగా, పొడిపొడిగా సాగింది. ఆ రాత్రి వాళ్లు బస చేసిన గది కింద మద్యం అమ్మే హోటల్ ఉంది. కింద జనం నవ్వుకోవడం, కబుర్లు చెప్పుకోవడం పైకి వినబడుతుంటే, యేసు వస్తే ఆ చర్చికన్నా ఇక్కడే ఎక్కువ హాయిగా ఉంటాడేమో అని గార్డన్‌కు తోచింది. ఆ తలపే 1960లో కొలంబియా రోడ్డు మీద పాటర్స్ హౌస్ అయింది. చర్చి తలుపు తట్టనివాళ్లు కూడా వచ్చి కూర్చోగలిగే కాఫీ హోటల్. ఒక్కో రాత్రి సంఘంలోని ఒక్కో బృందం వచ్చి, కాఫీ అందించి, బల్లలు తుడిచేది. అందులో ప్రభుత్వ ఉద్యోగులూ ఉండేవాళ్లు, టీచర్లూ ఉండేవాళ్లు. వచ్చినవాళ్ల మీదికి వాక్యంతో వెళ్లకూడదన్నది వాళ్లు పెట్టుకున్న పద్ధతి. అవతలి మనిషి మాట కలిపితే కూర్చుని వినాలి.

ఆ హోటల్ ఈనాటికీ ఉంది. 2015లో మరమ్మతులు చేసి మళ్లీ తెరిచారు. నేను వెళ్లిన రోజు గోడ పొడవునా పుస్తకాలు: జాతి వివక్ష చరిత్ర, దైవ ధ్యానం, కవిత్వం, పిల్లల బొమ్మల పుస్తకాలు. పక్క బల్ల దగ్గర దుప్పటి మూట కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక పెద్దాయన సూపు తాగుతున్నాడు. అటువైపు లాప్‌టాప్ తెరుచుకున్న ఒక కాలేజీ అమ్మాయి. ఇద్దరికీ ఒకే రకం గిన్నె, ఒకే రకం పలకరింపు. ఆయన డబ్బు కట్టాడో, ముందు ఎవరో కట్టి వెళ్లిన భోజనమో చూసేవాళ్లకు తెలియదు. తెలియకుండా ఉండేటట్టే ఏర్పాటు చేశారు.

సందేహించేవాళ్లను కూర్చోబెట్టుకున్న సంఘం చేతులు ముడుచుకుని కూర్చుందా అంటే, ఈ ప్రాంతంలో అంత పనిచేసిన సంఘాన్ని నేను చూడలేదు. 1973లో పాటర్స్ హౌస్ చుట్టుపక్కల పేదల ఇళ్ల దుస్థితి చూసి, ఆ హోటల్లో పనిచేసే ఆడవాళ్లు కొందరు రిట్జ్, మొజార్ట్ అనే రెండు పాడుబడ్డ అపార్టుమెంటు భవనాల మీద మనసు పెట్టారు. నగర నిబంధనల ప్రకారం ఆ రెంటిలో 900కు పైగా లోపాలు. చేతిలో డబ్బు లేదు. మేరీలాండ్‌లో కొలంబియా పట్టణాన్ని కట్టిన జేమ్స్ రౌస్‌ను కదిలించి, ఆయన సాయంతో కొనిపించి, చీపుళ్లూ రంగు డబ్బాలూ పట్టుకుని తామే దిగారు. అదే జూబిలీ హౌసింగ్. దాన్ని చూసే రౌస్ 1982లో దేశవ్యాప్తంగా పేదల ఇళ్లకోసం ఎంటర్‌ప్రైజ్ ఫౌండేషన్ పెట్టారు.

డాక్టర్ జానెల్ గోచస్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. వైద్య మిషనరీగా పాకిస్తాన్‌కు వెళ్లడానికి వీసా కోసం చూస్తున్న రోజుల్లో ఆమె వాషింగ్టన్ వచ్చి, కొలంబియా రోడ్డులోని పేదల అవస్థ కళ్లారా చూసి, ఇక్కడే ఉండిపోయారు. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయిన ఇల్లులేని రోగి కట్టుతో, కుట్లతో ఎక్కడికి పోతాడు? ఫుట్‌పాత్ మీదికే. అలాంటివాళ్లను కోలుకునేదాకా ఉంచుకోవడానికి 1985లో క్రైస్ట్ హౌస్ తెరిచారు. రోగులున్న భవనంలోనే పై అంతస్తులో ఆమె భర్తా పిల్లలతో కాపురమున్నారు. ఆ వాకిట్లో ఒక కంచు విగ్రహం ఉంటుంది. సంఘ సభ్యురాలైన శిల్పి జిమిలు మేసన్ చేసినది. యేసు మోకాళ్ల మీద కూర్చుని, కాళ్లు కడగడానికి చేయి చాచి ఉంటాడు, ముందు పళ్లెం. బల్ల మీదా కాదు, పీఠం మీదా కాదు. దారినపోయేవాడి కాళ్ల ఎత్తులో ఉంటాడు. వచ్చినవాడు ముందు ఏదైనా ఒప్పుకోవాలని ఆ చేయి అడగదు.

మిషనరీలు పెట్టిన గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో పుట్టి, వాళ్లే పెట్టిన ఏసీ కాలేజీలో చదివిన హిందువులు మన అసోసియేషన్‌లో ఎందరో. వాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. నా తోటి క్రైస్తవులకు మాత్రం ఇంకొకటి చెప్పాలి. 1947 నాటి వాషింగ్టన్‌లో రంగు గీత చెరిపి కూర్చున్న ఆ సంఘం ముందు, పెళ్లి సంబంధాల దగ్గరా పెద్దల ఎన్నికల దగ్గరా ఇప్పటికీ కులం అడిగే మన సంఘాలు సమాధానం చెప్పుకోవాలి. మన పిల్లల్లో చాలామంది సందేహం దేవుడి ఉనికి దగ్గర మొదలు కావడం లేదు, ఇక్కడ మొదలవుతోంది. ఒక అమ్మాయి, కాలేజీ పిల్ల, "దేవుడి ముందు అందరూ సమానమే కదా, మరి నా పెళ్లికెందుకు కాదు ఆంటీ?" అని నన్ను అడిగింది. ఆ పిల్లకు తర్కం పాఠం చెప్పి లాభం లేదు.

ఆ వాషింగ్టన్ సంఘం పెరగలేదు, చీలింది అని చెప్పేవాళ్లుంటారు. 1976లో తామే కూర్చుని ఆలోచించి, ఒక్క పెద్ద సంఘంగా కాకుండా చిన్నచిన్న సమాజాలుగా విడిపోయారు. సీకర్స్ చర్చ్ అలా వచ్చినదే, టకోమాలో నేటికీ ఆరాధన జరుపుకుంటోంది. గార్డన్ కాస్బీ 2013 మార్చిలో, 95 ఏళ్ల వయసులో, ఆ క్రైస్ట్ హౌస్‌లోనే, రోగుల మధ్యే కన్నుమూశారు. ఆయన పేరు మీద పెద్ద మందిరం లేదు. ఆ సమాజాల్లో ఇప్పుడు నెరిసిన తలలే ఎక్కువ. ఆ కష్టమైన నియమాలు ఈ తరం మోస్తుందా అన్న బెంగ నాకూ ఉంది. అయినా జనం తగ్గుతున్నారని గడప ఎత్తు తగ్గించి, అందరిచేతా తేలిగ్గా అవును అనిపించుకుని ఉంటే, ఆ కొలంబియా రోడ్డు మీద ఇవేవీ లేచి ఉండేవి కావని నా నమ్మకం.

మన కూటాల పెద్దలకు ఒక విన్నపం. నెలకొక శుక్రవారం పాటలూ సాక్ష్యాలూ పక్కన పెట్టి, ప్రశ్నలకే వదిలేయండి. జవాబు ఆ రాత్రే చెప్పి తీరాలని పెట్టుకోవద్దు. అడిగినవాడికి మర్నాడు ఫోన్ చేయండి, ప్రార్థన చేయడానికి కాదు, భోంచేశావా అని అడగడానికి.

డేస్ప్రింగ్‌లో మౌన ధ్యాన శిబిరాలు శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారంతో ముగుస్తాయి. ఏ మతం వాళ్లయినా, ఏ మతమూ లేనివాళ్లయినా వెళ్లవచ్చు. పాటర్స్ హౌస్‌కు వెళ్లేవాళ్లు కారు తీసుకెళ్లకండి, ఆ వీధిలో పార్కింగ్ దొరకదు. కొలంబియా హైట్స్ మెట్రోలో దిగి నడవండి.