సినిమా వాళ్ళంటే హీరో హీరోయిన్లేనా?

"ఫలానా వాళ్ళమ్మాయి సినిమాల్లో పని చేస్తోందట!" అని వినగానే మనం వెంటనే అడిగే మాట, "అలాగా! ఏ వేషం వేసింది?" అంతే కదూ! వేషం వేయకుండా కూడా సినిమాలో పని వుంటుందన్న సంగతి మనకి చప్పున గుర్తు రాదు. నిజానికి తెర మీద కనిపించేవాళ్ళు పదిమందైతే, కనిపించనివాళ్ళు వందలమంది. కుట్టుపని, జడలల్లడం, అలంకరణ, వంట, వడ్డన, లెక్కాపత్రం, ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడ గుర్తుంచుకోవడం... వీటన్నిటికీ అక్కడ మనుషులు కావాలి. మనం ఇంట్లో జీతం లేకుండా చేసే ఈ పనులన్నిటికీ అక్కడ కూలీ ఇస్తారు. మరి ఆ కూలీ అందుకునేవాళ్ళలో ఆడవాళ్ళకి చోటెంత? మన అమ్మాయి వెళ్తానంటే ఏం చూసుకోవాలి?

బాలానగర్ నుంచే బయల్దేరదాం. "బాలానగర్ అంటే లేత్ మిషన్లు, ఫ్యాక్టరీలూ కదా, సినిమాకీ దీనికీ ఏం సంబంధం?" అంటారా? బాలానగర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం వెళ్ళే రైలు పట్టుకోండి. తెలుగు సినిమా తెరవెనక బతుకులో చాలా భాగం ఆ దారి పక్కనే వుంది.

అమీర్‌పేట: ఇక్కడే మొదలు

అమీర్‌పేట పక్కన ఎల్లారెడ్డిగూడలో వుంది సారథి స్టూడియో. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమాగా చెప్పుకునే 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో ఇక్కడి నుంచే వచ్చింది. అప్పట్లో తెలుగు సినిమా అంటే మద్రాసే. అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియో పెట్టింది 1976లో. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. ఇలా ఒక్కో స్టూడియో వెలుస్తున్నకొద్దీ పరిశ్రమ మెల్లగా ఇక్కడికి చేరింది. నటులతో పాటు లైట్‌మెన్, వడ్రంగులు, పెయింటర్లు, డ్రైవర్లు, కాస్ట్యూమర్లు కూడా పిల్లాపాపలతో మద్రాసు వదిలి వచ్చారు.

సినిమావాళ్ళ నోట '24 క్రాఫ్ట్స్' అన్న మాట తరచూ వింటుంటాం. సినిమాలోని పనులన్నిటినీ కలిపి అలా అంటారు. కెమెరా, ఎడిటింగ్, మేకప్, దుస్తులు, లైటింగ్, డాన్సు, ఫైట్లు, డబ్బింగు, ప్రొడక్షన్ ఇలా ఒక్కో పనికి ఒక్కో యూనియన్. అన్నిటికీ కలిపి తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ వుంది.

షూటింగ్ స్పాట్‌లో అందరికంటే ముందు నిద్ర లేచేది ప్రొడక్షన్ వాళ్ళు. తెల్లవారేసరికి టిఫినూ కాఫీలూ సిద్ధంగా వుండాలి. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం పకోడీ, టీ. హీరోగారికి ఉప్పు లేకుండా, కెమెరామన్‌గారికి నూనె తక్కువ! యూనిట్‌కి వడ్డన ఆలస్యమైతే షూటింగే ఆలస్యం. ఇంతమందికీ వడ్డించి, ఆఖర్న మిగిలింది తినేది కూడా వాళ్ళే. మన వంటింటి కథే కదూ!

యూసుఫ్‌గూడ: కార్డుంటేనే పని

రైలు యూసుఫ్‌గూడలో ఆగుతుంది. ఇక్కడి కృష్ణానగర్ సినిమా కార్మికుల పేట. జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, సెట్ వర్కర్లు ఇరుకు గదుల్లో అద్దెకుంటూ, ఫోన్ మోగితే పనికి పరుగెత్తుతారు. మోగని రోజు కూలీ లేదు. ఇక్కడ నెలజీతం అన్న మాటే తక్కువ. కాల్‌షీట్ లెక్కన రోజుకింత. పైన బేటా, అంటే దారి ఖర్చు, తిండి ఖర్చు.

ఇక్కడ మనిషికి రేషన్ కార్డు కంటే విలువైంది యూనియన్ కార్డు. అది వున్నవాళ్ళకే పెద్ద సినిమాల్లో పని, నిర్ణయించిన కూలీ, గొడవొస్తే అడిగే దిక్కు. కానీ ఆ కార్డుకి రుసుము కట్టాలి. ఆడదాని చేతిలో మొదట అంత డబ్బు ఎక్కడుంటుంది? అందుకే చాలామంది కార్డు లేకుండా, మధ్యవాళ్ళ దయ మీద పని చేస్తుంటారు.

2020లో కరోనా వచ్చి షూటింగులు ఆగిపోయినప్పుడు ఈ రోజుకూలీ బతుకు ఎంత పలచనో లోకానికి తెలిసింది. చిరంజీవిగారి చొరవతో నటులూ నిర్మాతలూ కలిసి 'కరోనా క్రైసిస్ ఛారిటీ' పెట్టి, కార్మికుల ఇళ్ళకి సరుకులు పంపించారు. ఆ తర్వాత 2025 ఆగస్టు 4న కూలీ 30 శాతం పెంచాలని కార్మికులు సమ్మెకి దిగారు. షూటింగులు ఆగాయి. రెండు వారాలు దాటాక, ప్రభుత్వం కల్పించుకోవడంతో 21న రాజీ కుదిరింది. రోజుకి 2,000 రూపాయల లోపు వచ్చేవాళ్ళకి మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతం పెంచడానికి నిర్మాతలు ఒప్పుకున్నారు. ఆ రెండు వారాలూ ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో... ఆ ఇల్లాళ్ళకే తెలియాలి!

జడ వేస్తే ఒప్పు, మేకప్ వేస్తే తప్పు!

ఇంత చదివాక "అలంకరణ పనులన్నీ ఆడవాళ్ళవే అయ్యుంటాయి" అనుకుంటున్నారా? అక్కడే వుంది తమాషా. హిందీ సినిమాలు తీసే ముంబయిలో మేకప్ కళాకారుల సంఘం దాదాపు అరవై ఏళ్ళపాటు ఒక ఆచారం పాటించింది. ఆడవాళ్ళు జుట్టు ముడవచ్చు, మేకప్ మాత్రం వేయకూడదు. ఎందుకయ్యా అంటే, మగవాళ్ళ జీవనోపాధి పోతుందట! ఇంట్లో ఆడపిల్లకి కాటుక దిద్దేది తల్లి, పెళ్ళిలో కూతురికి బుగ్గచుక్క పెట్టేది తల్లి. డబ్బొచ్చే చోట మాత్రం ఆ చెయ్యి పనికిరాదు!

అమెరికాలో మేకప్ చదువుకొచ్చిన చారు ఖురానా అనే ఆమెకి సభ్యత్వం ఇవ్వమన్నారు. ఆమె ఊరుకోలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2014 నవంబరులో కోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. ఆడదన్న కారణంగా పని చేసుకునే హక్కు కాదనడానికి వీల్లేదంది. మహారాష్ట్రలో అయిదేళ్ళు నివాసం వుండాలన్న షరతునీ తీసేసింది. పోరాడింది కొద్దిమందే. తలుపు తెరుచుకుంది మాత్రం ఎంతమందికో!

జూబ్లీహిల్స్: గాజులు లెక్కపెట్టే ఉద్యోగం

అన్నపూర్ణ స్టూడియో, ఫిల్మ్‌నగర్ వున్నవి ఈ చుట్టుపక్కలే. ఇక్కడ జరిగే పనుల్లో కొన్ని వింటే "ఇదీ ఒక ఉద్యోగమేనా!" అనిపిస్తుంది.

హీరోయిన్ గుమ్మం బయట నిలబడి వుంటుంది. ఆ దృశ్యాన్ని ఏ పల్లెటూళ్ళోనో జనవరిలో తీస్తారు. గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టే దృశ్యం మార్చిలో స్టూడియో సెట్‌లో తీస్తారు. తెర మీద మాత్రం అది ఒక్క అడుగే! చేతికి గాజులు ఆరా ఎనిమిదా, పూలు ఎడమ పక్కనా కుడి పక్కనా, బొట్టు గుండ్రమా నిలువా అన్నది ఎవరు గుర్తుపెట్టుకోవాలి? దానికి ఒక అసిస్టెంట్ వుంటారు. ఆ పనినే 'కంటిన్యుటీ' అంటారు. పూర్వం నోటుపుస్తకంలో రాసుకునేవారు, ఇప్పుడు ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి పెట్టుకుంటారు. ఎదురింటావిడ పోయినేడు పెళ్ళికి ఏ చీర కట్టిందో ఠక్కున చెప్పగల మనకి ఇదేమంత కష్టం!

కాస్ట్యూమర్ పని ఇంకో రకం. కొత్త బట్ట తెర మీద కొత్తగానే కనిపిస్తుంది. పేదరాలి చీరని ఉతికి, రుద్ది, వెలవెలబోయేలా చేయాలి. తళతళలాడే తెలుపుని టీ డికాక్షన్‌లో ముంచి కాస్త మాపు రంగు తెస్తారు. వానలో తడిసే దృశ్యానికీ, ఫైటుకీ ఒకే రకం చీరలు మూడు నాలుగు సిద్ధంగా పెడతారు. ఈ విద్యకి జాతీయ గౌరవం కూడా దక్కింది. 2018లో వచ్చిన 'మహానటి'కి ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావు, గౌరంగ్ షా ముగ్గురికీ ఉత్తమ వస్త్రాలంకరణ జాతీయ అవార్డు ఇచ్చారు. సావిత్రి చీరల కోసం చేనేతని మళ్ళీ వెతికి నేయించారు. 'బాహుబలి'కి దుస్తులు రూపొందించినవాళ్ళలో రమా రాజమౌళి వున్నారు. ఆ సినిమాకి లైన్ ప్రొడ్యూసర్‌గా రోజువారీ ఖర్చులూ ఏర్పాట్లూ చూసుకున్నది శ్రీవల్లి.

ఇక చప్పుళ్ళు! తెర మీద వినిపించే గాజుల గలగల, అడుగుల చప్పుడు చాలావరకు తర్వాత విడిగా రికార్డు చేసినవే. కొబ్బరిచిప్పలు నేలకేసి కొడితే గుర్రపు డెక్కలు. పచ్చికూర కాడ విరిస్తే ఎముక విరిగిన చప్పుడు. హాలీవుడ్‌లో ఈ పని చేసి చూపించిన జాక్ ఫోలీ పేరు మీద దీన్ని 'ఫోలీ' అంటారు. గొంతు అరువిచ్చేవాళ్ళు వేరే వున్నారు. 'భక్త ప్రహ్లాద' (1967)లో చిన్నారి ప్రహ్లాదుడిగా మెప్పించిన రోజారమణి పెద్దయ్యాక వందలాది సినిమాల్లో వేరే హీరోయిన్లకి డబ్బింగ్ చెప్పారు.

ఎడిటింగ్‌లో రేణూ సలూజా నాలుగుసార్లు జాతీయ అవార్డు అందుకున్నారు. బి.ఆర్. విజయలక్ష్మి 1985లో 'చిన్న వీడు' అనే తమిళ సినిమాకి కెమెరా పట్టారు. బరువు మోయలేరని ఆడవాళ్ళని పక్కన పెట్టిన రోజుల్లో ఆవిడ మోసి చూపించారు.

మాదాపూర్: కూర్చున్నచోటే యుద్ధాలు

1995లో మొదలైన నిఫ్ట్ మాదాపూర్‌లో వుంది. దుస్తుల రూపకల్పన చదువుకోవాలనుకునే పిల్లలకి ప్రభుత్వ సంస్థ. హైటెక్ సిటీ పుణ్యమా అని కంప్యూటర్ మీద బొమ్మలు చేసే పనులు కూడా నగరంలో పెరిగాయి. 'ఈగ' (2012)లో ఈగని కదిలించింది హైదరాబాద్‌లోని మకుట సంస్థ. ఏసీ గదిలో పని, ఎండలో నిలబడక్కర్లేదు. కానీ విడుదల తేదీ దగ్గర పడితే రాత్రీ పగలూ తేడా వుండదు. రాత్రి ఇంటికి చేర్చే బండి వుందా అన్నది ముందే అడగండి.

రాయదుర్గం: సొంత గూడు

లైను చివర రాయదుర్గంలో దిగి మణికొండ వైపు వెళ్తే చిత్రపురి కాలనీ. అద్దాల ఐటీ భవనాలకి కూతవేటు దూరంలో, 67 ఎకరాల్లో, సినిమా కార్మికుల కోసం తలపెట్టిన ఇళ్ళు. దీనికోసం తిరిగి తిరిగి కృషి చేసిన నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్‌రెడ్డి 1997లో కన్నుమూశారు. కాలనీకి ఆయన పేరే పెట్టారు. చుట్టూ నేల విలువ పెరిగాక, ఫ్లాట్లు అసలైన కార్మికులకే వెళ్ళాయా అని వివాదాలూ రేగాయి. అయినా లైట్లు మోసిన మనిషికి సొంత తలుపు, సొంత తాళం అన్న కల అక్కడ చాలామందికి నిజమైంది.

నీళ్ళు తాగడానికీ భయమే

ఇవన్నీ ఒకెత్తు, ఈ సంగతి ఒకెత్తు. కేరళ ప్రభుత్వం వేసిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటపడింది. వేధింపులతో పాటు అందులో ఇంకో చిన్న సంగతి వుంది. షూటింగ్ చోట మరుగుదొడ్డి లేక, ఆడవాళ్ళు రోజంతా నీళ్ళు తాగకుండా వుంటున్నారట! దాంతో మూత్రకోశ వ్యాధులు. బట్టలు మార్చుకోవడానికి చాటు కూడా వుండదు. కోట్లు పెట్టి సెట్ వేసేవాళ్ళకి నాలుగు రేకుల గది వేయడం భారమా? తెలంగాణ ప్రభుత్వం కూడా 2019లో ఇలాంటి కమిటీ వేసింది. ఆ నివేదికని బయటపెట్టమని 2024లో నటి సమంత బహిరంగంగా కోరారు.

మీ అమ్మాయి వెళ్తానంటే...

వద్దని తలుపు మూయకండి. ఈ జాగ్రత్తలు మాత్రం చెప్పి పంపండి.

1. అవకాశం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగితే అది మోసమే. పని ఇచ్చేవాడు కూలీ ఇస్తాడు గానీ, డబ్బు పుచ్చుకోడు!

2. యూనియన్ కార్డు కోసం నేరుగా యూనియన్ ఆఫీసుకే వెళ్ళాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి.

3. పని ఎన్ని రోజులు, రోజుకెంత, డబ్బు ఎప్పుడు ఇస్తారు... కాగితం మీద రాయించుకోవాలి. సినిమా కార్మికులతో రాతపూర్వక ఒప్పందం వుండాలని 1981 నాటి చట్టమే చెప్పింది.

4. మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, తిరుగు ప్రయాణం ఈ మూడూ అడగడానికి సిగ్గుపడకూడదు.

5. పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పని చేసే చోట వేధింపుల ఫిర్యాదులకి ఒక కమిటీ వుండాలని 2013 చట్టం చెబుతోంది. అది లేకపోతే జిల్లా స్థాయి కమిటీ వుంది. అవసరమైతే 181కి గానీ, 112కి గానీ ఫోన్ చేయాలి.

6. చేతిలో ఒక విద్య వుండాలి. కుట్టు, మేకప్, ఎడిటింగ్, ఏదైనా సరే. "ఏదో ఒక పని ఇవ్వండి" అనే మనిషికి, "నాకీ పని వచ్చు" అనే మనిషికి అక్కడ దొరికే మర్యాదలో ఎంతో తేడా!

ఇకమీదట ఎవరైనా "మా అమ్మాయి సినిమాల్లో పని చేస్తోంది" అంటే, "ఏ వేషం?" అనకండి. "ఏ డిపార్ట్‌మెంట్ అమ్మా?" అని అడగండి. ఆ పిల్ల మొహం ఎలా వెలిగిపోతుందో చూడండి!